ఓపెన్ ఎల్‌డ్యాప్ సర్టిఫికెట్ మారిస్తే ఎర్రర్ 80: ఏం చేయాలి, ఏం రాసిపెట్టుకోవాలి

ఓపెన్ ఎల్‌డ్యాప్‌లో (యూజర్ల వివరాలు ఉంచే డైరెక్టరీ సర్వర్) టీఎల్ఎస్ సర్టిఫికెట్, అంటే కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేయడానికి వాడేది, మార్చబోతే ఎర్రర్ 80 వస్తోందని, ఈ సెట్టింగులు ఎలా రాసిపెట్టాలని అడిగారు కదండీ. ముందు ఎర్రర్ సంగతి. సర్టిఫికెట్, కీ ఫైళ్ల పాత్‌లను విడివిడిగా మారిస్తే రెండూ జత కుదరక సర్వర్ ఒప్పుకోదు. ఒకే మాడిఫై ఆపరేషన్‌లో రెండూ కలిపి ఇవ్వండి. అయినా అదే వస్తుంటే, కీ ఫైల్ చదివే పర్మిషన్ స్లాప్‌డీ (ఓపెన్ ఎల్‌డ్యాప్ సర్వర్ ప్రోగ్రామ్) నడిచే యూజర్‌కి ఉందో లేదో చూడండి. నేను దీని దగ్గరే ఒక పూటంతా పోగొట్టుకున్నాను.

ఇక డాక్యుమెంట్‌లో సీఏ (సర్టిఫికెట్లు జారీచేసే సంస్థ), సర్టిఫికెట్, కీ ఫైళ్ల పాత్‌లు, పర్మిషన్లు, గడువు తేదీ రాయండి. వెరిఫై క్లయింట్ విలువ కూడా. ఏమీ ఇవ్వకపోతే అది 'నెవర్', అంటే క్లయింట్ సర్టిఫికెట్ అడగదు. వాడేది 389 పోర్ట్‌లో స్టార్ట్ టీఎల్ఎస్సా (మామూలుగా మొదలైన కనెక్షన్‌ను తర్వాత ఎన్‌క్రిప్ట్ చేయడం), 636 పోర్ట్‌లో ఎల్‌డ్యాప్సా (మొదటి నుంచే ఎన్‌క్రిప్ట్ చేయడం) అన్నదీ ఉండాలి. ప్రైవేట్ కీని మాత్రం అందులో పేస్ట్ చేయకండి.