బెంగళూరు డ్రాయింగు, రాప్తాడు స్లాబు

అల్లుడూ,

రాప్తాడు దగ్గర నాలుగంతస్తుల పని నీ చేతికి వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. ఆర్కిటెక్టు బెంగళూరులో, స్ట్రక్చర్ లెక్కలు చేసేవాళ్ళు హైదరాబాదులో, ఓనరేమో దుబాయిలో, సైట్లో నువ్వూ మేస్త్రీ. డ్రాయింగులన్నీ వాట్సాప్ గ్రూపులోనే తిరుగుతున్నాయట. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయబుద్ధేసింది.

ముప్పై ఏళ్ళ కిందటి మాట. కడపలో ఒక ఇల్లు కట్టిస్తున్నా. అప్పుడన్నీ అమోనియా ప్రింట్లు, అంటే డ్రాయింగుకు తీసిన కాగితం నకళ్ళు. బాత్రూమును ఉత్తరం నుంచి పడమటికి మార్చి కొత్త ప్రింటు పంపారు. దాన్ని భద్రంగా నా బ్యాగులో పెట్టుకున్నా. షెడ్డులో మేకుకు వేలాడుతున్న పాతదాన్ని మాత్రం తీయలేదు. సెంట్రింగ్ వాళ్ళు దాన్నే చూసుకుని పాతచోటే సంకెన్ స్లాబు, అంటే బాత్రూం పైపుల కోసం కిందికి ఉండే స్లాబు, దించారు. కాంక్రీటు పడిన మూడో రోజు గాని నేను చూడలేదు. మేస్త్రి మీద అరిచాను. "కొత్తది మీ బ్యాగులో ఉంటే నాకెట్ల తెలుస్తుంది సార్?" అన్నాడు. నోరు మూసుకుని, కొట్టించే ఖర్చు నేనే పెట్టుకున్నా.

వాట్సాప్ గ్రూపులో ఆ మేకు ఒకటి కాదు, వంద ఉంటాయి. గుడ్ మార్నింగుల మధ్య ఒకే పేరుతో మూడు పీడీఎఫ్‌లు. మేస్త్రి వేలితో జరుపుతూ పోయి ముందు దొరికింది తెరుస్తాడు. అతని తప్పేముంది?

అందుకే డ్రాయింగు ఉండే చోటు ఒక్కటే పెట్టించు. దానికోసమే ఆటోడెస్క్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ లాంటివాళ్ళు చేసిన ఆన్‌లైన్ సర్వీసులు ఉన్నాయి. పెద్ద పనులకు మంచివే. నీ నాలుగంతస్తులకు నన్నడిగితే గూగుల్ డ్రైవ్ చాలు. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిలూ ఫోటోలూ కూడా కలిసే ఉంటాయి కాబట్టి, సైట్ ఫోటోలకని కొంచెం డబ్బు కట్టి చోటు కొనుక్కోండి. ఖాతా మాత్రం నీ సొంత జీమెయిల్‌తో తెరవొద్దు. రేపు నువ్వు వేరే పనికి పోతే పని కాగితాలన్నీ నీ వెంటే వచ్చేస్తాయి.

అందులో నాలుగు ఫోల్డర్లు: ఇంకా గీస్తున్నవి, చర్చకు పెట్టినవి, ఖరారైనవి, పాతవి. ఇది నా తెలివి కాదు, కట్టడాల కాగితాలు ఎలా పెట్టుకోవాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం, 2018లో వచ్చిన ఐఎస్ఓ 19650లో ఉన్న పద్ధతే. మేస్త్రికి "ఖరారైనవి" ఒక్కటే కనబడాలి, అదీ చూడటానికి మాత్రమే. మార్చే హక్కు ఆర్కిటెక్టు ఆఫీసుకు. నీకు కామెంటు రాసే హక్కు చాలు. నొచ్చుకోకు, అది నీ మేలుకే. లింకు ఉన్నవాళ్ళంతా తెరిచేటట్టు పెట్టొద్దు, పేరుపేరునా ఇవ్వండి.

కొత్త రివిజన్, అంటే దిద్దిన డ్రాయింగు, వచ్చినప్పుడు కొత్త ఫైలు పెట్టకుండా, డ్రైవ్‌లో మేనేజ్ వెర్షన్స్ ద్వారా పాతదాని మీదే ఎక్కించమను. లింకు మారదు. దాని క్యూఆర్ కోడు ఒకసారి షెడ్డు గోడకు అంటిస్తే చాలు, ఎప్పుడు స్కాన్ చేసినా తాజాదే వస్తుంది. రివిజన్ నంబరూ తేదీ షీటు మూల టైటిల్ బ్లాకులో ఉండాలి. ఆ పాత వెర్షన్లను డ్రైవ్ 30 రోజుల తర్వాత తీసేయవచ్చు. కాబట్టి ప్రతి రివిజన్ కాపీ ఒకటి "పాతవి"లో వేయించు. బిల్లుల దగ్గర గొడవ వస్తే ఆదుకునేది అదే.

డ్రాయింగులు గీసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నారా, ఏ ఏడాది వెర్షన్ అని బెంగళూరునీ హైదరాబాదునీ ఇప్పుడే అడుగు. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసింది పాతదాంట్లో తెరుచుకోదు. ఇద్దరి మధ్య అది తేలేలోపు నీ సెంట్రింగ్ వాళ్ళు కూలి దండగై కూర్చుంటారు.

ఫోన్లో ఆర్కిటెక్టు ఏదైనా మార్చమంటే సరేనను, కానీ పని మొదలుపెట్టకు. "ఈ రోజు 11 గంటలకు మీరు చెప్పినట్టు కిటికీ ఆరంగుళాలు జరుపుతున్నాం, ఖరారు చేయండి" అని ఆ షీటు మీదే కామెంటు పెట్టు. జవాబు వచ్చాకే పని. వంటగది అరలకు వాళ్ళు వేరే ఏదో రాసి, మేస్త్రి తాడిపత్రి బండలు చాలన్నా అంతే. అతని మాటే మంచిదనిపిస్తే నువ్వే కామెంటులో రాయి. ఆ మాట మేస్త్రిదని కూడా రాయి.

స్లాబు పోసే ముందు కమ్మీల ఫోటోలు తీయించు. టేపు పెట్టి, రింగుల దూరం, కమ్మీల కింద ఎత్తుకు పెట్టే కవర్ బ్లాకులు కనబడేలా. కాంక్రీటు పడ్డాక వాటిని చూసే దారి లేదు. హైదరాబాదు వాళ్ళు అక్కడి నుంచే చూసి సరే అంటే ఆ మాటా అక్కడే రాయించు.

మన మే నెల ఎండలో ఫోను వేడెక్కి ఆగిపోతుంది, తెరా కనబడదు. సిగ్నల్ సంగతి నీకే తెలుసు. పొద్దున ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఆ రోజు షీట్లను ఆఫ్‌లైన్‌లో పెట్టుకో. పోసే రోజు ఒక ఏ3 ప్రింటు తీసి, తేదీ వేసి, సంతకం పెట్టి మేస్త్రికివ్వు. సాయంత్రం అడిగి తీసుకుని చింపెయ్. చింపడం మాత్రం నువ్వే చెయ్యి, ఎవరికీ పురమాయించకు.

మొదటి స్లాబు తేదీ ఖాయమైతే చెప్పు, ముందు రోజు సాయంత్రం బస్సుకు వస్తా. "ఖరారైనవి" లింకు నాకూ పంపించు. చూడటానికి మాత్రమేలే.

మీ మామ
కడప