మీ అమ్మ మిషన్ దించుతున్నావట!

చిరంజీవి బుజ్జికి, మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. అటక మీదున్న తన కుట్టుమిషన్ని దించి హైదరాబాదు పట్టుకెళ్తున్నావట, నీ జాకెట్లు నువ్వే కుట్టుకుంటావట, చేయి తిరిగాక అపార్ట్‌మెంట్‌లో వాళ్ళవి కూడా తీసుకుంటావట. చెప్పేటప్పుడు అది కోపంగా ఉందో సంతోషంగా ఉందో నాకు అంతుపట్టలేదు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. నా కొడుకులిద్దరూ ఏనాడూ కొట్టు గడప తొక్కినవాళ్ళు కారు. చీరాలలో నా కొట్టు మూసేశాక మన ఇంట్లో ఇంకెవరూ కత్తెర పట్టరనే అనుకున్నాను. మేనకోడలు పడుతోందంటే గొప్పగా అనిపించింది. ఆ వెంటనే నీ పిల్లాడు గుర్తొచ్చాడు, గుండె దడదడలాడింది. ఫోన్లో చెబితే ‘సరే మామయ్యా, సరే మామయ్యా’ అంటావు గానీ ఒక్కటీ చెవికెక్కించుకోవు. అందుకే రాసి పంపుతున్నాను, మిషన్ బల్ల సొరుగులో పెట్టుకో.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. ఇనుప స్టాండు పాత సామాన్ల వాడికి ఇచ్చేసి, పైన మిషన్ ఒక్కటీ టేబులుకి బిగించి మోటారు పెట్టించుకుంటానన్నావట. ఎవరిచ్చారమ్మా ఆ సలహా? అది పోత ఇనుము. వాడు కాటాలో వేసి కిలోల లెక్కన కొంటాడు, నువ్వు రేపు కావాలనుకుంటే మాత్రం అలాంటిది దొరకదు. పైగా కొత్తగా నేర్చుకునేవాళ్ళకి కాలితో తొక్కే మిషనే మేలు. ఎంత తొక్కితే అంతే కుడుతుంది, ఆగమంటే ఆగుతుంది. మోటారు మీద పాదం కాస్త బరువుగా పడిందంటే నువ్వు గీత చూసుకునేలోపు జానెడు కుట్టేస్తుంది. చంక మలుపు దగ్గర ఆ జానెడు చాలు, జాకెట్టు పాడవడానికి. మోటారు వద్దనను. చేయి కుదిరాక పెట్టించుకో.

నా అసలు భయం వేరే. మోటారుకి నేలమీద పెట్టే పెడల్ ఒకటి ఇస్తారు. మీవాడు పాకే వయసులో ఉన్నాడు. నువ్వు సూదికి దారం ఎక్కిస్తూ వేళ్ళు సూది కింద పెట్టి ఉంటావు, వాడు బల్లకిందికి దూరి పెడల్ మీద చెయ్యి వేస్తాడు. ఇంతకంటే వివరంగా రాయలేను. నా దగ్గర పని నేర్చుకోవడానికొచ్చిన ఒక కుర్రాడి గోట్లోంచి సూది దిగి లోపలే విరిగింది. డాక్టరు తీశాక కూడా వాడు ఆ వేలితో గుడ్డ తోయడానికి చాలాకాలం జంకేవాడు. వాడు పద్దెనిమిదేళ్ళవాడు, మనవాడికి ఇంకా పళ్ళు కూడా పూర్తిగా రాలేదు.

కాబట్టి ఇది ఖచ్చితంగా పాటించు. మోటారు ఉంటే, దారం ఎక్కించేటప్పుడూ సూది మార్చేటప్పుడూ గోడ దగ్గర స్విచ్ ఆపాలి. లేచి వెళ్ళేటప్పుడు ప్లగ్గు పీకి, పెడల్ తీసి బల్లమీద పెట్టాలి. కాలి మిషన్ కూడా పిల్లలకి మంచిదేమీ కాదు, ఆ కింది చక్రంలో వేళ్ళు పెడతారు. పని అయిపోగానే పెద్ద చక్రం మీంచి బెల్టు పక్కకి జార్చెయ్యి. అప్పుడు వాడు కింద ఎంత తొక్కినా పైన సూది కదలదు. గుండుసూదులు మూతున్న డబ్బాలోనే పెట్టు. ఎన్ని తీశావో లెక్కపెట్టుకుని అన్నీ తిరిగి వేశాకే లేవాలి. మా కొట్లో అయస్కాంతం ముక్క ఒకటి దారానికి కట్టి ఉండేది, సాయంత్రం దాంతో నేలంతా ఒకసారి తడిమేవాళ్ళం. నువ్వూ ఒకటి కొనుక్కో, పెద్ద ఖర్చు కాదు.

ఇక మిషన్ సంగతి. ఇన్నేళ్ళు అటకమీద ఉంది కాబట్టి లోపలి నూనె జిగురులా పట్టేసి ఉంటుంది, చక్రం తిరగదు. బలవంతంగా తిప్పకు. బాల్కనీలో పాత పేపర్లు పరిచి, మిషన్ వెనక్కి వాల్చి, కదిలే ప్రతి కీలులోనూ రెండేసి చుక్కలు కిరోసిన్ వేసి వదిలెయ్. దొరక్కపోతే మిషన్ ఆయిలే వేసి ఒక రాత్రి ఆగు. మర్నాడు చక్రాన్ని నీవైపుకి మెల్లగా తిప్పు. వదులయ్యాక గుడ్డతో తుడిచి, అప్పుడు కొత్త ఆయిల్ వెయ్యి. కొబ్బరినూనె మాత్రం వెయ్యకు. ఆ రోజుకి బాగానే తిరుగుతుంది, కొన్నాళ్ళకి అదే గట్టిపడి మళ్ళీ పట్టేస్తుంది. సూది కిందున్న రేకు విప్పితే, గుడ్డని లాక్కునే ఇనుప పళ్ళ సందుల్లో బూజులాంటి దారప్పీచు కనిపిస్తుంది, పాత బ్రష్షుతో తీసెయ్. ఆయిల్ వేసిన రోజు మంచి గుడ్డ జోలికి పోకు, చింకి గుడ్డలమీద కుట్టు. మరక మిషన్ పొట్టలోంచి కారుతూనే ఉంటుంది.

కిటికీ నీ ఎడమపక్కకి వచ్చేలా వెయ్యి. నాలుగు కాళ్ళూ నేలకి ఆనాలి. కింద మందపాటి పట్టా వేస్తే కింది ఫ్లాట్ వాళ్ళతో గొడవ ఉండదు.

దారం ఎక్కించే దారి మీ అమ్మకి ఇంకా గుర్తుంది, అడుగు.

ఇప్పుడు అసలు విషయం. మీ అమ్మ నీకు ఈ కథ చెప్పి ఉండదు.

ఆ మిషన్ దాని పెళ్ళికి నేనిచ్చింది. కాపురానికి వెళ్ళిన కొత్తలో బాగా కుట్టేది. నువ్వు పుట్టకముందే నీకు జుబ్బాలు కుట్టి పెట్టింది. అప్పుడొకరోజు సూది విరిగింది. మీ నాన్న బజారుకి వెళ్ళి కొత్త సూది తెచ్చి, తనే బిగించాడు. పాపం, సాయం చేద్దామనే. అప్పట్నుంచి మిషన్ పేచీ మొదలుపెట్టింది. ఒక కుట్టు పడుతుంది, రెండు ఎగిరిపోతాయి, దారం చీలి తెగుతుంది. పక్కింటావిడ వచ్చి టెన్షన్, అంటే పైదారం బిగువు, వదులైందమ్మా, బిగించు అంది. బిగించింది. దారం ఇంకా తెగింది. ఎదురింటావిడ కాదు కాదు, కింద బాబిన్ కేసుది, అదే కింది దారం కండె పెట్టే డబ్బాది, వదలాలి అంది. బాబిన్ కేసు పక్కన రేకుమీద చీమతల కంటే కాస్త పెద్ద మర ఉంటుంది చూశావా, దాన్ని తిప్పుతూ తిప్పుతూ ఉంటే ఊడి పడింది. నాపరాళ్ళ సందులోకి పోయింది. ఎంత వెతికినా దొరకలేదు. తర్వాత ఎవరో రిపేరు మనిషి వచ్చి, కింద పైదారాన్ని పట్టుకునే షటిల్ అరిగిపోయిందన్నాడు, కొత్తది వేశాడు, డబ్బు తీసుకున్నాడు. అయినా కుట్టు పడలేదు. అన్నయ్య ఇచ్చిన మిషన్ పాడుచేశానని నాకు చెప్పడానికి దానికి మొహం చెల్లలేదు. పాత చీర కప్పేసింది. దానిమీద ఊరగాయ జాడీలు వచ్చాయి, తర్వాత టీవీ వచ్చింది. అడిగితే పిల్లతో తీరిక లేదన్నయ్యా అనేది.

నీ ఓణీల ఫంక్షన్‌కి వచ్చినప్పుడు టీవీ పక్కకి జరిపి చీర తీసి చూశాను. సూది తిరగేసి ఉంది. అంతే! ఇంకే రోగమూ లేదు. నా పెట్టెలోంచి ఒక మర తీసి బాబిన్ కేసుకి పెట్టి, సూది సరిగా తిప్పి బిగిస్తే, చుట్టాలందరి ముందూ టకటకా కుట్టింది. మీ అమ్మ నవ్వింది గానీ దగ్గరికి రాలేదు. ‘ఇప్పుడెందుకులే అన్నయ్యా’ అంది. టీవీకి కొత్త స్టాండు కొన్నాక మిషన్ అటకెక్కింది. ఇది చదివి మీ నాన్నని ఏడిపించకు. చెబితే ఇప్పటికీ బాధపడతాడు.

అందుకని సూది సంగతి బాగా చదువు. ఇంటి మిషన్ సూది మొదలు ఒక పక్క చదునుగా ఉంటుంది. గుండ్రటి మొదలున్నవి కొట్లలో వాడే పెద్ద మిషన్లవి, షాపువాడు తొందరలో అవి అంటగడతాడు, చూసి తీసుకో. చదునుకి అవతలి పక్క సూది పొడవునా గాడి ఉంటుంది. దారం ఎప్పుడూ గాడి వైపునుంచే లోపలికి వెళ్ళాలి. కంటికి ఆనకపోతే గోటితో రాసి చూడు, తెలుస్తుంది. పైకంటా తోసి మర బిగించు, కిందికి జారి ఉన్నా కుట్టు ఎగిరిపోతుంది. మామూలు కాటన్ జాకెట్టు, లైనింగ్ ఉన్నా సరే, 14 నంబరు. పల్చటి పట్టుకి 11. జీన్సు లాంటివాటికి 16. ఇప్పుడు దానికున్న సూది తుప్పుపట్టి ఉంటుంది, మొహమాటం లేకుండా పారెయ్. గుడ్డలో దిగేటప్పుడు టక్కుటక్కుమని చప్పుడొస్తే సూది మొద్దుబారిందని గుర్తు.

కుట్టు చెడితే ముందు సూది చూడు. తర్వాత పై దారం మొత్తం తీసి మళ్ళీ ఎక్కించు, గుడ్డని నొక్కిపట్టే మిషన్ పాదం పైకెత్తి ఉంచి ఎక్కించు. పాదం దించి ఉంటే టెన్షన్ బిళ్ళలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యలోకి దిగదు, గుడ్డకింద ఉండలు ఉండలుగా చుట్టుకుంటుంది. అందరూ కింద ఉండ కట్టింది కాబట్టి తప్పు బాబిన్‌దే అనుకుంటారు. పైదారం వదులైతేనే కింద ఉండకడుతుందమ్మా. కింది దారం వదులైతే పైన చుక్కలు కనిపిస్తాయి. ఆ తర్వాత బాబిన్ కేసులో పీచు ఇరుక్కుందేమో చూడు. కింది దారం పట్టుకుని బాబిన్ కేసుని వేలాడదీసి చిన్నగా కుదుపు. కాస్త జారి ఆగాలి. జర్రున నేలదాకా జారితే వదులు, కదలకపోతే బిగువు. ఇవన్నీ అయ్యాకే టెన్షన్ నట్టు ముట్టుకో. అదీ పావు చుట్టు తిప్పి, కుట్టి చూసి, మళ్ళీ పావు. బాబిన్ కేసు మర జోలికి అసలే పోకు. పోక తప్పదనిపిస్తే కింద తెల్లటి పళ్ళెం పెట్టుకుని తిప్పు.

మొదట్లో దారం లేకుండా, విడిగా ఒక సూదితో, నోటుబుక్కు గీతల కాగితం మీద తొక్కు. ఆ చిల్లులు గీతమీదే పడేదాకా గుడ్డ ముట్టుకోకు. తొక్కేటప్పుడు చక్రం నీవైపుకే తిరగాలి, వెనక్కి తిరిగితే దారం తెగుతుంది. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ వెనక్కి పట్టుకో. గుడ్డని లాగకు. పళ్ళే లాక్కుంటాయి, నీ చేతులు దారి చూపిస్తే చాలు. నువ్వు లాగితే సూది వంగి రేకుకి తగిలి విరుగుతుంది, ఆ ముక్క ఎటు ఎగురుతుందో తెలియదు. నీకు కళ్ళజోడు ఉంది కదా, కుట్టేటప్పుడు తీసెయ్యకు.

ఆ తర్వాత దిండు గలీబులు కుట్టు, ఆరు ముక్కల లంగా కుట్టు. సరిగ్గా సరిపోయే పాత జాకెట్టు ఒకటి విప్పి, ఆ ముక్కలు కాగితం మీద గీసుకుని దాచుకో. యూట్యూబ్‌లో చూసే కొలతలకంటే అదే నమ్మకం. లైనింగ్ గుడ్డ రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించు. లేకపోతే మొదటి ఉతుకుకి లోపలిది ముడుచుకుని పైది బుడగలు తేలుతుంది. పక్క కుట్టు లోపల అంగుళంన్నర గుడ్డ వదులు. ఒళ్ళు ఎప్పుడూ ఒకేలా ఉండదు. బట్ట కత్తెరతో కాగితం కత్తిరించకు, మీ ఆయన్ని పాల ప్యాకెట్లు కత్తిరించనివ్వకు.

మీ ఆయనకి ఈ మిషన్ గొడవంతా ఎందుకని ఉందట. గాంధీగారు యంత్రాల మీద ఎన్ని విమర్శలు చేసినా, 1924లో అడిగినప్పుడు సింగర్ కుట్టుమిషన్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చారని చెప్పు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే కష్టం చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడని కూడా అన్నారు. అది కూడా చెప్పు, కాస్త గట్టిగా వినబడేలా.

అపార్ట్‌మెంట్ వాళ్ళ గుడ్డలు ఆరు నెలలదాకా తీసుకోకు. తీసుకున్నాక ఊరికే కుట్టిపెట్టకు, అక్కా చెల్లీ అని పిలిచినా సరే. ఒకరి పట్టు ముక్క నీ చేతిలో పాడైతే ఆ పిలుపులు వినిపించవు.

మిషన్ ఆడటం మొదలుపెట్టాక పైన ఎర్రదారం, కింద తెల్లదారం వేసి, రెండు మడతల గుడ్డమీద ఒక వరస కుట్టి, రెండు వైపులా ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టు. ఏ దారం ఎటు పొంగుతోందో చూసి చెబుతాను. కొత్త తోలుబెల్టు కొని ఉంచు కానీ కత్తిరించకు. రెండంగుళాలు ఎక్కువైతే కోసుకోవచ్చు, తక్కువైతే మళ్ళీ కొనాలి. వచ్చే నెల కంటి పరీక్షకి హైదరాబాదు వస్తున్నాను, నేనే కొలిచి క్లిప్పు వేస్తాను. మీ అత్తయ్య పిల్లాడికి సున్నుండలు పంపుతానంటోంది, వాడికి ఇంకా పెట్టొచ్చో లేదో అడిగి చెప్పు.

ఇట్లు,
మామయ్య