కొలంబస్ కాదండీ బాబూ!

ప్రశ్న: భూమి గుండ్రంగా ఉందని కొలంబస్ కనిపెట్టాడంటగా అని ఏడో క్లాసు చదివే మా బాబు అడుగుతున్నాడు. రాకెట్లు, శాటిలైట్లు లేని రోజుల్లో అసలు ఎలా తెలిసిందండీ?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఈ క్రెడిట్ కొలంబస్‌కి ఎందుకిస్తారో నాకైతే అర్థం కాదు. 1492లో ఆయన బయల్దేరేనాటికే యూరప్‌లో చదువుకున్నోళ్లకి భూమి గుండ్రమని తెలుసు, గొడవంతా సైజు దగ్గరే. ఆయన భూమిని ఉన్నదానికంటే బాగా చిన్నదిగా లెక్కేసుకుని, పడమటివైపు వెళ్తే ఆసియా దగ్గరే అనుకున్నాడు, మధ్యలో అమెరికా తగిలింది కాబట్టి సరిపోయింది, లేకపోతే తిండీ నీళ్లూ అయిపోయి నడిసముద్రంలోనే ఉండిపోయేవాడు.

అంతకి 1800 ఏళ్ల ముందే గ్రీసులో అరిస్టాటిల్ చంద్రగ్రహణాన్ని సాక్ష్యంగా చూపించాడు. చంద్రుడి మీద పడేది మన భూమి నీడే కదా, దాని అంచు ప్రతిసారీ వంపుగానే ఉంటుంది. భూమి పళ్లెంలా ఉంటే ఎప్పుడో ఒకసారి సన్నగా గీతలా పడాలి, ఎటు తిప్పినా గుండ్రటి నీడే వేసేది బంతి ఒక్కటే. ఇంకో సాక్ష్యం, దక్షిణానికి పోయేకొద్దీ కొత్త నక్షత్రాలు కనిపిస్తాయి. చలికాలం రాత్రి మనకి దక్షిణం వైపు కాస్త కిందగా మెరిసే అగస్త్య నక్షత్రం ఏథెన్స్ వాళ్లకి కనపడనే కనపడదు.

మీరు వైజాగ్‌లోనే ఉన్నారు కాబట్టి బాబుని బీచ్‌కి తీసుకెళ్లి, దూరంగా పోతున్న ఓడని బైనాక్యులర్స్‌తో చూపించండి. ముందు అడుగుభాగం మాయమవుతుంది, పైభాగం ఆఖర్న.

గుండ్రమని తెలిశాక ఎంత పెద్దదో కొలిచింది ఎరటోస్తనీస్, క్రీ.పూ. 240 ప్రాంతంలో. ఈయన ఈజిప్టులో అలెగ్జాండ్రియా లైబ్రరీకి పెద్ద. దక్షిణాన సయీన్ అనే ఊళ్లో (ఇప్పటి అస్వాన్) జూన్‌లో ఏడాదికల్లా పెద్ద పగలు ఉండే రోజున మిట్టమధ్యాహ్నం నీడే పడదని విన్నాడు, అదే టైంకి అలెగ్జాండ్రియాలో మాత్రం సూర్యుడు నడినెత్తికి 7.2 డిగ్రీలు పక్కకి ఉన్నాడు, అంటే పూర్తి చుట్టులో యాభయ్యో వంతు. ఇంకేముంది, రెండూళ్ల మధ్య దూరాన్ని 50తో గుణించాడు, అంతే.

ఇదే లెక్క మనమూ చెయ్యొచ్చు. మే 9 ప్రాంతంలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం కాసేపు నిలువు కర్రకి నీడ ఉండదు, జీరో షాడో డే అని పేపర్లో కూడా వేస్తారు. ఆ రోజే ఢిల్లీలో ఉన్న చుట్టాన్ని ఎవర్నైనా పట్టుకుని మిట్టమధ్యాహ్నం మీటరు కర్ర ఎండలో నిలబెట్టమనండి, నీడ దాదాపు 20 సెంటీమీటర్లు వస్తుంది, కోణంలో చూస్తే 11 డిగ్రీల పైచిలుకు, అంటే చుట్టులో సుమారు 32వ వంతు. రెండు సిటీల మధ్య తిన్నగా దాదాపు 1250 కిలోమీటర్లు. ఇంటూ 32 చేసి చూడండి, 40,000! భూమి చుట్టుకొలత కూడా దాదాపు అంతే. (సూర్యుడే బాగా దగ్గర్లో ఉంటే బల్లపరుపు నేల మీద కూడా నీడలు ఇలా తేడాగా పడతాయిగా అని బాబు అడిగితే శభాష్ అనండి. అందుకే నీడలది కొలత మాత్రమే, రుజువంటే గ్రహణమూ నక్షత్రాలే.)

ప్రశ్న: గుండ్రంగా ఉంటే అడుగువైపు ఉన్నోళ్లు కింద పడిపోరా? నవ్వకండి, సీరియస్‌గానే అడుగుతున్నా.
- ఇంకో పాఠకుడు, కరీంనగర్

జవాబు: నవ్వను లెండి. కడిమి పువ్వు చూశారా, బంతిలా ఉండి చుట్టూ అన్ని వైపులా కేసరాలు పొడుచుకొచ్చి ఉంటాయి, భూమి చుట్టూ ప్రాణులు ఉండేది అలాగే అని ఆర్యభటుడు 1500 ఏళ్ల కిందటే పోలిక చెప్పాడు. కింద అంటే భూమి నడిమధ్య వైపు, అంతే. అమెరికాలో మీవాళ్లెవరైనా ఉంటే వీడియో కాల్‌లో కింద ఎటో చూపించమనండి, వాళ్లూ కాళ్ల వైపే చూపిస్తారు.