జ్వరం పోయింది, నీరసం పోలేదు

తమ్ముడూ, జ్వరం తగ్గి నెలన్నర అయినా బెంగళూరు మారతహళ్ళి పీజీ హాస్టల్లో మూడంతస్తులు ఎక్కేసరికి మంచం మీద వాలిపోతున్నానని, రూమ్మేట్లు బద్ధకం అంటున్నారని రాశావు. బద్ధకం కాదు నాన్నా. ఈ ఊరొచ్చిన మొదటి ఏడు నాకూ ఇదే వచ్చింది.

నీ రిపోర్టులో రాసిన మోనోన్యూక్లియోసిస్ అనే జ్వరం ఎక్కువగా ఎప్‌స్టీన్-బార్ వైరస్ వల్ల వస్తుంది. దాన్ని 1964లో కనిపెట్టారు. ఉమ్మి ద్వారా అంటుకుంటుంది. మన దేశంలో చాలామందికి పసితనంలోనే, వచ్చినట్టు కూడా తెలియకుండా వచ్చిపోతుంది. వయసొచ్చాక సోకితేనే ఇలా కూలేస్తుంది. ఒంట్లో చేరిన 4 నుంచి 6 వారాలకు గానీ బయటపడదు కాబట్టి, ఎవరి బాటిల్లో నీళ్ళు తాగానా అని ఆలోచించి లాభం లేదు.

నేను గొంతునొప్పికి మెడికల్ షాపులో అమాక్సిసిలిన్ అనే యాంటీబయోటిక్ అడిగి వేసుకున్నాను. ఒళ్ళంతా ఎర్రగా దద్దుర్లు లేచాయి. ఈ జబ్బులో ఆ మందు పడితే అలా జరగడం మామూలేనని తర్వాత తెలిసింది. వైరస్‌కు యాంటీబయోటిక్ పనిచెయ్యదు, నువ్వు సొంతంగా ఏదీ కొనకు.

ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం (స్ప్లీన్) ఈ జబ్బులో వాస్తుంది, అరుదుగా చిట్లుతుంది కూడా. డాక్టర్ చూసి సరే అనేదాకా క్రికెట్, జిమ్ వద్దు, 20 లీటర్ల నీళ్ళ క్యాన్ ఎత్తొద్దు. ఆ వైపు ఉన్నట్టుండి నొప్పి లేస్తే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళు.

ఇక నీరసం. చాలామంది కొన్ని వారాల్లో లేస్తారు, కొందరికి ఆరు నెలలు దాటుతుంది. ఒంట్లో కాస్త బాగున్న రోజు పాత పనుల బకాయిలన్నీ తీర్చేయబోతావు చూడు, అక్కడే దెబ్బ తింటావు. ఆ రోజు బాగానే ఉంటుంది, మర్నాడు లేవలేవు. సగం పనిలో ఆపెయ్. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 కూడా ఒకసారి చూపించుకో, నీరసానికి అవీ కారణం కావచ్చు. చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి కీళ్ళు పట్టేసిన అమ్మమ్మలను ఎవరైనా బద్ధకస్తులన్నారా? కోవిడ్ తర్వాతా ఎంతమంది ఇలా పడ్డారో చూశాం కదా.

డాక్టర్‌కు కన్నడంలో ‘తుంబా సుస్తు’ అని చెప్పు. మనకు సుస్తీ అంటే జబ్బు, వాళ్ళకు సుస్తు అంటే నీరసం.

కింది అంతస్తులో గది అడుగు. ఆ వైపు పీజీలు నడిపేవాళ్ళలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు, తెలుగులోనే అడగొచ్చు.