పాత బోరు పూడ్చే ఖర్చు అమ్మినవాళ్లదా, కొన్నవాళ్లదా?

ప్రశ్న: కిందటేడు రెండెకరాల పొలం కొన్నాను. అందులో నీళ్లు పడని బోర్లు రెండున్నాయి. ఒకటి షెడ్డు పక్కన ఉంది, కేసింగ్ (బోరు గోడ కూలకుండా దించే పైపు) మూతికి గోనెసంచి కట్టి ఉండగా కొనేటప్పుడే చూశాను. రెండోది మొన్న దున్నుతుంటే మట్టి కింద బయటపడింది. దాని కేసింగ్ ఎప్పుడో పీకేశారు. రెండూ పూడ్చమని పంచాయతీ కార్యదర్శి చెప్పారు. అమ్మినాయన మాత్రం "ఇప్పుడు భూమి మీది, ఖర్చూ మీదే" అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఖర్చు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈరోజే ఆ రెండు బోర్ల చుట్టూ కంచె వేయించండి. కేసింగ్ పీకేసిన బోరు మరీ ప్రమాదం. పైమట్టి జారి మూతి వెడల్పవుతుంది, గడ్డి మొలిస్తే పక్కనే నిలబడ్డవాళ్లకు కూడా కనబడదు. పసిపిల్లలు పడేది ఇలాంటి వాటిలోనే.

ఇక చట్టం. బోరు ఎవరు వేయించినా, ఇవాళ భూమి మీ చేతిలో ఉంది కాబట్టి అధికారుల ముందు జవాబుదారీ మీరే. పిల్లలు బోర్లలో పడుతున్న ఘటనలను సుప్రీంకోర్టు 2009లో తనంతట తానే కేసుగా తీసుకుని, 2010లో మార్గదర్శకాలిచ్చింది. వాటి ప్రకారం వదిలేసిన బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా బంకమట్టి, ఇసుక, రాళ్లు, గులకరాళ్ల వంటి వాటితో నింపాలి. పైన బండ పెట్టి వదిలేస్తే పూడ్చినట్టు కాదు. సరిగ్గా పూడ్చినట్టు సర్టిఫికెట్ కూడా తీసుకోవాలి. ఇది చాలామందికి తెలియదు, మీరు మాత్రం కార్యదర్శిని అడిగి తప్పకుండా తీసుకోండి. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. తెలిసి కూడా తెరిచి ఉంచాక "బోరు వేయించింది నేను కాదు" అంటే ఆ మాట నిలబడటం కష్టం.

అయితే అమ్మినాయన చెప్పినదంతా నిజం కాదు. షెడ్డు పక్క బోరు మీరు చూసే కొన్నారు, దాని ఖర్చు మీదే. మట్టి కింద దాగినదాని సంగతి వేరు. మామూలు జాగ్రత్తతో కొనేవాళ్లకు కనబడని ముఖ్యమైన లోపం తనకు తెలిసి ఉంటే, అమ్మేవాళ్లు దాన్ని చెప్పి తీరాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటుంది. చెప్పకుండా దాచడాన్ని ఆ సెక్షన్ మోసం కిందే లెక్కగడుతుంది. మీ సేల్ డీడ్‌లో దీనికి విరుద్ధమైన షరతు ఏదైనా ఉందేమో ఒకసారి చదవండి. లేకపోతే ఆ ఒక్క బోరు ఖర్చు ఆయన్ని అడిగే హక్కు మీకుంది.

కానీ ఆయనకు తెలుసని రుజువు చేయాల్సింది మీరే. ఆ బోరు తవ్విన రిగ్గు వాళ్లు, అప్పట్లో పొలంలో పనిచేసిన కూలీలు, పక్క రైతులు సాక్ష్యం చెప్పగలరేమో కనుక్కోండి. పూడ్చకముందు, పూడ్చేటప్పుడు తేదీతో ఫొటోలు తీయండి. కార్యదర్శి చేత పంచనామా రాయించుకోండి. ట్రాక్టర్ మట్టికి, కూలీకి ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు ఉంచండి. ఆ తర్వాత లాయర్ నోటీసు పంపండి. ఖర్చు పెద్దది కాకపోతే మండల లీగల్ సర్వీసెస్ కమిటీ దగ్గర లోక్ అదాలత్‌లో తేల్చుకోవడమే మేలని నా అభిప్రాయం. ఆయన డబ్బిచ్చేదాకా పూడ్చకుండా ఆగడం మాత్రం వద్దు.