టెక్ సందేహాలు: మూడు వందల చాకు చాలదా?

ప్రశ్న: నేను ఇంటర్నెట్ కేబుళ్లు అమర్చే పని చేస్తాను. కేబుల్ పైపొర కోయడానికి, పార్సిళ్లు విప్పడానికి, మధ్యాహ్నం పండు కోసుకోవడానికి జేబులో ఒక మడత చాకు కావాలి. ఆన్‌లైన్‌లో లాక్ ఉన్న చాకులు మూడు వందలకే దొరుకుతుండగా, స్విస్ కంపెనీ విక్టోరినాక్స్ చాకుల వంటివి అంతకు ఎన్నో రెట్లు పలుకుతున్నాయి. ఈ తేడా పేరుకేనా? జేబులో పెట్టుకు తిరిగితే ఇబ్బందేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తేడా పనితనంలోనే ఉంది, కాకపోతే అది మొదటి రోజు బయటపడదు. కొత్తలో చవక చాకు కూడా కాగితాన్ని చక్కగానే కోస్తుంది. వారం పాటు అట్టపెట్టెలు కోశాక ఎలా ఉందన్నదే అసలు పరీక్ష, ఎందుకంటే చూడటానికి మెత్తగా ఉన్నా అట్ట బ్లేడు అంచును బాగా అరగదీస్తుంది.

చవక చాకుల మీద తరచుగా ‘స్టెయిన్‌లెస్’ అన్న ముద్ర ఒక్కటే ఉంటుంది. అది తుప్పు గురించిన మాటే గాని పదునుకు హామీ కాదు. ఉక్కు రకం రాసి ఉంటే దాన్ని చూడండి: 3సీఆర్13 అనే చైనా ఉక్కులో కర్బనం సుమారు 0.3 శాతం, 8సీఆర్13ఎంఓవీలో సుమారు 0.8 శాతం ఉంటుంది. కర్బనం తక్కువైన ఉక్కు అంతగా గట్టిపడదు కనుక పదును త్వరగా పోతుంది. అయితే ఎంత మంచి ఉక్కయినా కాల్చి చల్లార్చి గట్టిపరచడంలో తేడా వస్తే వృథాయే. పేరున్న తయారీదారు దగ్గర మనం కొనేది ఆ పనిలోని నిలకడనే. విక్టోరినాక్స్ బ్లేడ్ల గట్టిదనం రాక్‌వెల్ కొలమానంలో 56 దగ్గర ఉంటుంది. ఖరీదైన చాకుల్లో ఇది గొప్ప అంకేమీ కాదు గాని, సానరాయి మీద కాసేపు రుద్దితే పదును తిరిగి వస్తుంది కాబట్టి రోజువారీ పనికి ఇదే మేలని నా అభిప్రాయం.

చవక చాకుల్లో నేను నమ్మనిది లాక్, అంటే తెరిచిన బ్లేడు వేళ్ల మీద మడత పడకుండా ఆపే ఏర్పాటు. పిడి లోపలి పలుచని రేకు పక్కకు జరిగి బ్లేడు మొదలుకు అడ్డుపడే రకాన్ని లైనర్ లాక్ అంటారు. చాకు తెరిచి, ఆ రేకు బ్లేడు మొదలు మీద నిండుగా కూర్చుందో, అంచున వేలాడుతోందో వెలుతురులో చూడండి. బ్లేడును పక్కలకు కదిపి చూడండి. తర్వాత, మడత పడే దారిలో వేళ్లు లేకుండా పట్టుకుని, బ్లేడు వెన్నును చెక్క మీద మెల్లగా తట్టండి. లాక్ జారితే ఆ చాకును వెంటనే వాపసు చేయండి. లాక్ ఉందన్న ధైర్యంతో గట్టిగా నొక్కుతాం కాబట్టి, అసలు లాక్ లేని చాకు కంటే లాక్ జారే చాకే ప్రమాదం. విక్టోరినాక్స్ వారి స్పార్టన్ అనే చాకుకు లాక్ లేదు, స్ప్రింగు బిగువే ఆధారం. ఫ్రాన్స్‌లో తయారయ్యే ఒపినెల్‌ ఎనిమిదో నంబరు చాకుకు తిప్పి బిగించే ఉక్కు ఉంగరం ఉంటుంది, కాని చెక్క పిడి తడిస్తే ఉబ్బి బ్లేడు బిగుసుకుపోతుంది. వానలో స్తంభాల దగ్గర పనిచేసే మీకు అది నప్పదు.

నన్నడిగితే, అట్టపెట్టెలకు మొద్దుబారిన ముక్కను విరిచి పారేసే పేపర్ కట్టర్, కేబుల్‌కు పైపొర ఒలిచే స్ట్రిప్పర్ వాడి, మిగతా పనులకు స్పార్టన్ వంటిది ఒకటి కొనుక్కోండి. మూడు వందల లాక్ చాకు మాత్రం వద్దు.

2016 ఆయుధ నిబంధనలు ఆయుధాలుగా లెక్కించే కత్తుల బ్లేడు 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉంటుంది. జేబు చాకు ఆ కొలతలకు చాలా లోపే. అయినా విమానం క్యాబిన్‌లోకి చాకును అనుమతించరు, చెకిన్ సామానులో వేయాల్సిందే. మెట్రో స్టేషన్లలోనూ తనిఖీ దగ్గర ఆపవచ్చు కనుక, అటు వెళ్లే రోజున దాన్ని పనిముట్ల పెట్టెలోనే వదిలి వెళ్లండి.