రీఫ్ ట్యాంక్‌కి ఫ్రోజెన్ ఫుడ్ ఇంట్లోనే చేసుకోవాలంటే ఏమేం వెయ్యాలి?

బ్రో, 200 లీటర్ల రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీళ్ళ అక్వేరియం), రెండు క్లౌన్ చేపలు, ఒక ఎల్లో ట్యాంగ్ చేప, హ్యామర్ కోరల్ అనే పగడం, ఫ్రోజెన్ ఫుడ్ క్యూబ్‌లు కొనీ కొనీ జేబు ఖాళీ అవుతోంది, ఇంట్లో చేద్దామంటే చికెన్ లివర్, బొచ్చె ముక్కలు మిక్సీలో వేసెయ్ చాలని ఎవరో చెప్పారు, కరెక్టేనా అని అడిగావు కదా. (200 లీటర్లలో ఎల్లో ట్యాంగ్‌కి ఇరుకే, అది వేరే లొల్లి, ఇప్పుడొద్దులే.)

లివర్ మాత్రం వద్దు. అందరూ ప్రోటీన్ ఎంత అని చూస్తారు గానీ అసలు తేడా అంతా కొవ్వులో ఉంది. సముద్రపు చేపలకి ఈపీఏ, డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వులు తిండిలోంచే రావాలి, సొంతంగా సరిపడా తయారు చేసుకోలేవు. కోడి కొవ్వులో అవి దాదాపు ఉండవు, పైగా అది వాటికి సరిగ్గా అరగదు కూడా. బొచ్చె చెరువు చేప, విషమేం కాదు కానీ అందులో ఈ కొవ్వులు తక్కువే. అందుకే నేను వీలైనంత వరకు సముద్రం సరుకే వాడతా.

మొదటిసారి నేను చేసిన ఘనకార్యం చెప్తా విను. ఎండలో బజారుకి ఎవరు పోతారులే అని సూపర్‌మార్కెట్‌లో శుభ్రం చేసిన ఫ్రోజెన్ రొయ్యల ప్యాకెట్లు రెండు తెచ్చి రుబ్బేశా. రెండు నెలల్లో నీళ్ళలో ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.3 పీపీఎంకి పోయింది, రాళ్ళ మీద పచ్చటి నాచు జుట్టులా వేలాడింది. అప్పుడు ప్యాకెట్ వెనక చూస్తే చిన్న అక్షరాల్లో ఐఎన్ఎస్ 451 అని ఉంది, అంటే ట్రైపాలీఫాస్ఫేట్, రొయ్యలో నీళ్ళు పట్టి ఉంచడానికి వేస్తారు. తప్పంతా దానిదే అనను, నేను వేసిన తిండీ ఎక్కువే, కానీ ఆ రోజు నుంచి 451, 452 నంబర్లున్న ప్యాకెట్ ముట్టుకోలేదు.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే రామ్‌నగర్ చేపల మార్కెట్‌కి పోతా, తొమ్మిది దాటితే ఆ జనంలో నిలబడలేం. రొయ్య తల నల్లబడిందా, మెత్తబడిందా చూసుకో. మనకొచ్చేవి ఎక్కువ భీమవరం వైపు చెరువుల వనామీ, పర్లేదు, సగం దాకా వాడుకోవచ్చు. తల తీసెయ్, పెంకు కొంచెం ఉంచు, చేపలకి ఎరుపు, నారింజ రంగులిచ్చే అస్టాజాంతిన్ పెంకులోనే ఉంటుంది. ఒక స్క్విడ్, ఇంకు సంచి పగలకుండా తీయించు, నేను ఒకసారి ఇంట్లో తీయబోయి సింకంతా నల్లగా చేసి మస్తు తిట్లు తిన్నా. ఆల్చిప్పలు దొరికిన రోజు వదలకు. కానగర్త ఒక్కటి చాలు, ఒమేగా-3 బాగా ఉంటుంది కదా అని నేను అరకిలో వేస్తే నీళ్ళ మీద నూనె తెట్టు కట్టి స్కిమ్మర్ (నురుగుతో నీళ్ళలో మురికి లాగే పరికరం) రెండు రోజులు సరిగ్గా నురుగే తియ్యలేదు.

అరకిలో మిశ్రమానికి నా లెక్క రొయ్యలు 250, స్క్విడ్ 100, ఆల్చిప్పల మాంసం 100, కానగర్త 50 గ్రాములు, సుషీకి వాడే నోరి అనే ఎండు సముద్రపు నాచు మూడు షీట్లు (ఉప్పు, నూనె, మసాలా లేనిది, ఇది ట్యాంగ్ కోసం), ఒక చెంచా స్పిరులినా పొడి. వెల్లుల్లి వేస్తే తెల్ల మచ్చల జబ్బు పోతుందంటారు, నేను నమ్మను, అలిగిన చేప వాసనకి నోరు తెరుస్తుందేమో అంతే.

ఉడకబెట్టకు. మిక్సీ ఆపి ఆపి తిప్పు, పేస్ట్ అయితే సగం నీళ్ళలో కరిగిపోతుంది, క్లౌన్‌కి కంది గింజంత ముక్క ఉండాలి. తర్వాత సన్న జల్లెడలో వేసి ఆర్వో నీళ్ళతో కడుగు, మొదట పాలలా తెల్లగా కారుతుంది, అది పలచబడేదాకా పోస్తూనే ఉండు, చిక్కటి ఆ రసమే ట్యాంక్‌లోకి పోయి ఫాస్ఫేట్ పెంచేది. నోరి, స్పిరులినా కడిగాక కలుపు, లేదంటే అవీ సింకులోకే పోతాయి.

ఇంకోటి, కొన్ని పచ్చి చేపల్లో, ఆల్చిప్పల్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, విటమిన్ బి1 ని పాడు చేస్తుంది, ఫ్రీజ్ చేసినా చావదు. అందుకే ఒకే సరుకు మీద ఆధారపడకు, విటమిన్ చుక్కలు కూడా రుబ్బేటప్పుడు కాదు, వేసే ముందు కరిగించిన ముక్క మీద వెయ్యి.

జిప్‌లాక్‌లో చాక్లెట్ బార్ అంత పలచగా పరిచి ఫ్రీజ్ చేస్తే చేత్తో విరుగుతుంది. మూడు నెలలకి మించి ఉంచకు. హ్యామర్‌కి వారానికి ఒకటి రెండుసార్లు చిన్న ముక్క చాలు, నెమ్మదిగా ఆ వేళ్ళ లాంటివి ముడుచుకుని లోపలికి లాక్కుంటుంది, పంప్ ఆపి చూడు.

మిక్సీ జార్ వేరేది కొనుక్కో, మా అమ్మ పచ్చడి జార్‌కి ఈ వాసన పట్టి నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. కవర్ మీద పేరు, తేదీ కూడా రాయి, మా బావమరిది ఒకసారి దాన్ని గోంగూర రొయ్యలు అనుకుని కడాయిలో వేడి చేశాడు, నేను వంటింట్లోకి వచ్చేసరికి తాలింపు కూడా పడింది.